బంక, గుగ్గిలం – మన చర్మం

నల్లమలలో చెంచులు సేకరించే బంకలన్నీ ఒకటి కావు. తపసి బంక నీటిలో ఉబ్బుతుంది. లోషన్లు చిక్కబడటానికి దాన్ని కలుపుతారు. అందుగు చెట్టు గుగ్గిలం నీటిలో పూర్తిగా కరగదు. అందులోని బోస్వెల్లిక్ ఆమ్లాలు వాపును తగ్గిస్తాయి. 2010లో వెలువడిన ఇటలీ పరిశోధనలో 0.5 శాతం బోస్వెల్లిక్ ఆమ్లాల క్రీము 30 రోజులు రాసినప్పుడు, ఎండకు ముదిరిన చర్మం గరుకుదనం తగ్గింది. పరీక్షించింది 15 మంది స్త్రీలనే.

చెట్టుదే కదా అని పచ్చి జిగురును మొటిమలపై పూయరాదు. పైన్ చెట్టు జిగురు నుంచి తీసే రోజిన్ కొందరికి దద్దుర్లు తెస్తుంది. కొత్త క్రీమును ముందు ముంజేతి లోపల కొద్దిగా రాసి 48 గంటలు చూడాలి. దురద, మంట వస్తే కడిగేసి డాక్టరుకు చూపించాలి. హాస్టల్లో ఒకరికి పడిన క్రీము అందరికీ పడాలని లేదు.