తీగ లాగితే

ప్రవేశిక

యంత్రాల సంగతి ఇంగ్లీషులోనే చెప్పాలనే భ్రమ విద్యార్థులలో కొంత ఉన్నది. పనివాడి నోట మాత్రం ఆ సంగతులన్నీ తెలుగులోనే నడుస్తాయి. ఒక పాత కారులో అరకొరగా బిగించిన అలారాన్ని ఊడదీసి, బండిని మళ్ళీ మొదటి స్థితికి తెచ్చే పని ఈ పాఠంలోని విషయం. ఇందులోని ఉపాధ్యాయుడు, ఎలక్ట్రీషియన్ కల్పిత పాత్రలు. యంత్ర విషయాలు మాత్రం వాస్తవాలు.

పాఠ్యభాగం

దొంగకూ ఇంటివానికీ మధ్య తెలివితేటల పోటీ చాలా పాతది. దండి రచించిన దశకుమారచరితంలో అపహారవర్మ కన్నం వేయడానికి బయలుదేరుతూ వెంట పెట్టుకొన్న సామగ్రిని కవి వరుసగా పేర్కొంటాడు. అందులో పాము పడగ వంటి గునపం, పటకారు, కొలతదారం, మోకు ఉన్నాయి. ఇంట్లో వెలిగే దీపాన్ని ఆర్పడానికి తుమ్మెదలను నింపిన భరిణె కూడా ఉన్నది. 13వ శతాబ్దంలో ఈ కావ్యాన్ని కేతన తెలుగు చేసి తిక్కనకు అంకితమిచ్చాడు. శూద్రకుని మృచ్ఛకటికంలోని శర్విలకుడు ఇంకొక అడుగు ముందున్నవాడు. గోడకు వేసే కన్నం ఏ ఆకారంలో ఉంటే చూడముచ్చటగా ఉంటుందా అని నిలబడి ఆలోచిస్తాడు. అతడు కన్నం వేసేటప్పుడు చారుదత్తుడు గాఢనిద్రలో ఉంటాడు. యజమాని నిద్రించినా తాను నిద్రించని కాపలా ఒకటి కావాలన్న కోరికే అలారానికి మూలం.

ఆ కాపలాయే యజమానిని ఇంటి బయట నిలబెడితే ఎట్లా ఉంటుందో ఇప్పుడు చూద్దాం.

హనుమకొండలో పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయుడున్నాడనుకొందాం. ఆయన కారు 1998లో కొన్న మారుతి 800. పలకపై ఏపీ 36 అన్న పాత వరంగల్ జిల్లా సంఖ్య ఉన్నది. మారుతి 800 కార్లు 1983 డిసెంబరులో మొదలై 2014 వరకు తయారైనాయి. మన ఊళ్ళలో ఎన్నో మధ్యతరగతి కుటుంబాలు ఎక్కిన మొదటి కారు అదే. 15 ఏళ్ళు నిండిన సొంత వాహనానికి రిజిస్ట్రేషన్‌ను అయిదేళ్ళకొకసారి పునరుద్ధరించుకోవాలి. ఆయన ఆ పని కూడా ఎన్నడూ తప్పలేదు. బండి మీద అంత ప్రేమ. ఆ ప్రేమతోనే, వీధిలో ఎవరిదో బండి పోయిందని విని, చవకగా దొరికిన ఒక అలారాన్ని దారిలో కనబడిన దుకాణంలో గంటలో బిగించుకొని వచ్చాడు.

ఒక చలికాలపు రాత్రి ఆయన భార్యకు ఊపిరాడలేదు. ఎం.జి.ఎం. ఆసుపత్రికి పోవాలి. తలుపు తీయగానే సైరన్ మొదలైంది. రిమోటు నొక్కినా ఆగలేదు. తాళం తిప్పితే మోటారు తిరుగుతున్నది గాని ఇంజను అంటుకోవడం లేదు. వీధి వీధంతా మేలుకొన్నది. పక్కింటి ఆటోలో ఆమెను తీసికొనిపోగా సకాలంలో ప్రాణం నిలిచింది. తెల్లవారి ఇంటికి వచ్చేసరికి సైరన్ గొంతు పడిపోయి, బ్యాటరీ అడుగంటి ఉన్నది. నివాస ప్రాంతాలలో రాత్రి పదినుంచి ఉదయం ఆరుదాకా 45 డెసిబెళ్ళకు మించిన శబ్దం ఉండరాదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. ఇట్టి సైరన్ల కూత వందకు పైమాటే. అయితే ఆ రాత్రి ఇరుగుపొరుగులెవరూ నియమాల మాట ఎత్తలేదు.

ములుగు రోడ్డు వైపునుంచి పిలిపించిన ఆటో ఎలక్ట్రీషియన్ డ్యాష్‌బోర్డు కిందికి తల దూర్చి, టార్చి వేసి చూసి, బయటికి వచ్చి అన్నది ఒక్కటే మాట.

"బండి మంచిదే సార్. దీన్ల పెట్టిన పనే మంచిగ లేదు."

"పీకి పారెయ్యి బిడ్డా, నాకొద్దు."

"పీకుడు నిమిషం పని సార్. పీకితే బండి మళ్ళ నడువది."

ఈ జవాబులో ఒక శాస్త్రమే ఉన్నది. అలారం అంటే ఒక పెట్టె, ఒక సైరన్ మాత్రమే అనుకొంటాము. నిజానికి అది కారు నరాలలోకి పాకిన తీగల గుంపు. పెట్టెకు నిరంతరం విద్యుత్తు అందించే తీగ ఒకటి, తాళం తిప్పినపుడు మాత్రమే విద్యుత్తు వచ్చే తీగ మరొకటి, ఇనుప చట్రానికి కలిపే ఎర్తు తీగ ఇంకొకటి. కుడి ఎడమ ఇండికేటర్లకు చెరొకటి, తలుపు మీటకు ఒకటి. ఇవన్నీ కారు తీగలకు అతుక్కొని ఉండేవే గాని వాటిని తెంపేవి కావు. ఒక్కచోట మాత్రం కారు తీగను నిజంగానే కోస్తారు. దొంగ తాళం తిప్పినా బండి కదలకుండా ఇంజనుకో, స్టార్టరుకో పోయే తీగను రెండు ముక్కలు చేసి నడుమ రిలేను పెడతారు. పెట్టెను పీకితే అతుకులు ఊడుతాయి, ఆ కోసిన తీగ మాత్రం కోసినట్లే ఉండిపోతుంది. తెలుగులో లతనూ తీగ అంటాము, లోహపు తంతువునూ తీగే అంటాము. తీగ లాగితే డొంకంతా కదిలినట్లు అన్న సామెత రెంటికీ చెల్లుతుంది.

రిలే అంటే విద్యుత్తుతో తెరచుకొని మూసుకొనే తలుపు. సాధారణంగా దానికి అయిదు కాళ్ళు, వాటిపై 30, 85, 86, 87, 87ఎ అన్న అంకెలు ఉంటాయి. 85, 86ల నడుమ రాగి తీగ చుట్ట ఉంటుంది. చుట్టకు విద్యుత్తు లేనపుడు 30వ కాలు 87ఎను తాకి ఉంటుంది. విద్యుత్తు వస్తే దానిని విడిచి 87ను తాకుతుంది. కారు తీగను 30కి, 87ఎకు కలిపితే అలారం చచ్చిపోయినా బండి నడుస్తుంది. 30కి, 87కు కలిపితే బండి నడిచినంతసేపూ అలారం ప్రాణంతో ఉండి తీరాలి. ఈ రెండవ పద్ధతి దొంగకు కష్టమే, కాని పెట్టె చెడినపుడు యజమానికి అంతకంటె కష్టం. ఉపాధ్యాయుని కారులో ఉన్నది ఈ రెండవ పద్ధతే. అంతకు మించిన తప్పు, కోసిన తీగ స్టార్టరుది కాక ఇగ్నిషన్‌ది. స్టార్టరు తీగను తెంపితే నిలిచి ఉన్న బండి బయలుదేరదు, అంతే. ఇగ్నిషన్ తీగ తెగితే నడుస్తున్న బండి ఆగిపోతుంది. ఆ రాత్రి ఇంటి ముందు కావడం వల్ల ఆటో దొరికింది. అదే కాజీపేట వంతెన మీద లారీల నడుమ జరిగి ఉంటే ఏమయ్యేదో చెప్పనక్కరలేదు.

ఇంతకూ పెట్టె ఎందుకు చెడింది? అది చెడలేదు. దాని ఎర్తు తీగను రంగు పూసిన రేకుపై ఒక మరతో బిగించారు. రంగు విద్యుత్తును పోనీయదు. మర కొన వల్ల ఏదో కొంత సంబంధం ఉండేది. కుదుపులకు మర వదులై అదీ పోయింది. మిగిలిన అతుకుల స్థితి కూడా అంతే. కారు తీగపై తొడుగును కత్తితో గీకి, కొత్త తీగను మెలివేసి, నల్లటి టేపు చుట్టారు. 40 డిగ్రీలు దాటే వరంగల్ వేసవిలో మూసి ఉన్న కారు లోపలి వేడికి టేపు జిగురు కరిగి జారింది. బయటపడిన రాగి నల్లబడింది. నల్లబడిన అతుకు విద్యుత్తును అడ్డగిస్తుంది, అడ్డగించినచోట వేడి పుడుతుంది. లెక్క కడితే తెలుస్తుంది. అతుకులో అడ్డంకి 0.2 ఓమ్‌లు, దాని గుండా పోయేది 10 ఆంపియర్లు అయితే పుట్టే వేడి 20 వాట్లు. ఇంచుమించు చిన్న టంకపు కడ్డీకి ఉండే శక్తి అది. అంత వేడి తివాచీ వెనుక, దూది పరుపుల పక్కన పుడుతూ ఉంటుంది. ఇక నిరంతర విద్యుత్తు తీగకు ఫ్యూజు లేనే లేదు. ఆ తీగ ఇంజను గదిలోకి పోయే రంధ్రం అంచుకు రబ్బరు వలయమూ లేదు. రేకు అంచు తొడుగును కోసి రాగిని తాకిన రోజున బ్యాటరీ శక్తి అంతా ఆ సన్నని తీగలోనే ప్రవహించి అగ్గి పుట్టేది. అలారం బిగించిన వారికి అరగంట మిగిలి ఉండవచ్చును. దానికి చెల్లించవలసి వచ్చే మూల్యం మాత్రం వారిది కాదు.

ఎలక్ట్రీషియన్ మొదట చేసిన పని బ్యాటరీ రుణ ధ్రువాన్ని విప్పడం. ధన ధ్రువాన్ని ముందుగా విప్పబోతే చేతిలోని పానా పొరపాటున రేకును తాకి నిప్పులు రాలవచ్చు. రుణ ధ్రువాన్ని విప్పితే ఆ భయం తీరుతుంది. విప్పగానే, గొంతు పడిపోయిందనుకొన్న సైరన్ మళ్ళీ కీచుమన్నది. కొన్ని సైరన్లకు సొంతంగా చిన్న బ్యాటరీ ఉంటుంది. దొంగ తీగ తెంపినా అరవడానికి అది ఏర్పాటు. దాని అడుగున ఉన్న చిన్న తాళంతో దానిని ఆపి, తీసి పక్కన పెట్టాడు.

తరువాత చాలాసేపు అతడు ఏమీ విప్పలేదు. కాగితంపై బొమ్మ గీసికొన్నాడు. కర్మాగారంలో వేసిన తీగలకు రంగులు, వాటిపై చారలు ఉంటాయి, కట్టగా చుట్టి ఉంటాయి. పైనుంచి వచ్చినవి ఒకే రంగులో, అడ్డదిడ్డంగా వేలాడుతుంటాయి. ఒక్కొక్క పరాయి తీగకు తెల్ల కాగితపు ముక్క అంటించి, అది ఏ తీగకు అతికి ఉన్నదో దానిపై రాశాడు. ఈ ఓపికకు ఓరుగల్లులో పెద్ద ఉదాహరణే ఉన్నది. 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడి ముందరి కల్యాణ మండపాన్ని పునర్నిర్మాణానికై విప్పినపుడు రాళ్ళకు గుర్తులు వేసి పేర్చి పెట్టారు. ఏళ్ళ తరబడి సాగిన ఆ పని ముగిసి 2024 మార్చి 8న, శివరాత్రి నాడు, మండపం తిరిగి తెరచుకొన్నది. విప్పడం తెలిసినవానికి కలపడం ముందే తెలిసి ఉండాలి.

తర్వాతి పని చకచక సాగింది. అతుకులను ఒక్కొక్కటిగా విప్పి, నల్లబడిన రాగిని శుభ్రం చేసి, గీకిన చోట వేడికి ముడుచుకొనే గొట్టం తొడిగాడు. రెండు ఇండికేటర్ల తీగలు ఒకదానికొకటి తగలకుండా ప్రత్యేకంగా చూశాడు. అవి కలిస్తే కుడికి మీట వేసినా రెండు పక్కలా దీపాలు మెరుస్తాయి. రిలే దగ్గర 30, 87 కాళ్ళకు పోయే రెండు కొనలు ఒకే రంగు, ఒకే చార గలవని మీటరుతో రూఢి చేసికొన్నాడు. కారు సొంత తీగకు అవే రెండు ముక్కలు. వాటిని కలిపి, టంకం పెట్టి, గొట్టం తొడిగి, కుదుపులకు విరగకుండా కట్టకు బిగించాడు. టంకం కంటె నొక్కి బిగించే లోహపు గొట్టాలే మేలని కొందరు పనివారి వాదన. టంకం పోసిన చోట తీగ బిరుసెక్కి కదలికకు విరుగుతుందన్నది వారి మాట, అందులో నిజముంది. అతుకుకు రెండు వైపులా ఊతమిస్తే ఆ చిక్కు చాలావరకు తీరుతుంది.

ఈ పద్ధతి అన్ని కార్లకూ వర్తించదు. ఎయిర్‌బ్యాగులున్న బండిలో పసుపు తొడుగు గల తీగల జోలికి పోరాదు. కంప్యూటరు నడిపే ఇంజన్లలో బల్బుతో చేసిన పరీక్షా దీపాన్ని ఎక్కడబడితే అక్కడ తాకించరాదు. కార్బ్యురేటరు గల ఈ పాత బండికి ఆ రెండు బెడదలూ లేవు.

చివరగా మిగిలిన పరీక్ష బ్యాటరీది. దానికి చార్జి పెట్టి, రుణ ధ్రువానికీ దాని తీగకూ నడుమ మీటరును ఉంచి, తలుపులు మూసి, ఆపి ఉన్న బండి ఎంత విద్యుత్తు తాగుతున్నదో చూడాలి. మీటరు అట్లా ఉండగా పొరపాటున కూడా తాళం తిప్పరాదు. స్టార్టరుకు కావలసిన విద్యుత్తు మీటరులోని ఫ్యూజును ఎగరగొడుతుంది. అలారం ఉన్నప్పుడు ఆ పాఠం 100 మిల్లీ ఆంపియర్లని అనుకొందాం. అంటే రోజుకు 2.4 ఆంపియర్ గంటలు. 35 ఆంపియర్ గంటల బ్యాటరీ పదిహేను రోజులు నిండకుండానే పూర్తిగా ఎండిపోతుంది. బండిని లేపే శక్తి అంతకు ఎంతో ముందే పోతుంది. ప్రతి సంక్రాంతికి ఊరికి పోయి వచ్చినపుడు బండి ఎందుకు మొరాయించేదో ఉపాధ్యాయునికి అప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళూ ఆయన బ్యాటరీ కంపెనీని తిట్టుకొంటూ వచ్చాడు. ఇప్పుడు మీటరులో పది మిల్లీ ఆంపియర్లయినా లేవు.

తాళం తిప్పగానే ఇంజను అంటుకొన్నది. ఊడిన తీగలన్నీ ఒక సంచీ నిండాయి.

"మరి దొంగల సంగతేం చేద్దాం?" అని అడిగాడు ఉపాధ్యాయుడు.

"గేరు రాడ్డుకు ఇనుప తాళం ఏయుండ్రి సార్. అది అరువది, కరెంటు తాగది."

ఇంటి లోపలినుంచి ఆమె, ఆ సైరన్‌ను ఇంట్లోకి మాత్రం తీసుకొని రావద్దని కేకవేసింది.

అభ్యాసం

1. పెట్టెను పీకితే బండి నడవదని ఎలక్ట్రీషియన్ ఎందుకన్నాడు? రిలే పనితీరుతో వివరించండి.
2. ఇగ్నిషన్ తీగను కోయడం కంటె స్టార్టరు తీగను కోయడం ఎందుకు మేలు?
3. వేయిస్తంభాల గుడి మండపం ప్రస్తావన ఈ పాఠంలో ఎందుకు వచ్చింది?
4. మీ ఇంట్లోని ఏదైనా యంత్రాన్ని బాగుచేసిన పనివాడి మాటలను విని, ఆయన వాడిన తెలుగు పదాలతో ఒక పేరా రాయండి.