నాంపల్లి నుంచి కేంద్రకం దాకా

ఆదివారం వస్తే ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల నిండా పాత పుస్తకాలే. పోటీ పరీక్షల గైడ్ల గుట్టల్లో వెతికే ఓపిక ఉంటే ఒక్కోసారి కప్లాన్‌దో క్రేన్‌దో న్యూక్లియర్ ఫిజిక్స్ పుస్తకం చేతికి తగులుతుంది. దాన్ని తిరగేసే బీఎస్సీ విద్యార్థికి వచ్చే సందేహం ఒకటే: ఇది చదివితే ఉద్యోగం ఎక్కడ?

జవాబు అట్టే దూరంలో లేదు. నాంపల్లి స్టేషన్ నుంచి కాస్త నడిస్తే రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి. మెహదీ నవాజ్ జంగ్ పేరు పెట్టుకున్న ఈ ఆసుపత్రి 1955లో మొదలైంది. ఇలాంటి ఆసుపత్రుల్లో రేడియేషన్ ఎంత ఇవ్వాలో డాక్టరు నిర్ణయిస్తే, యంత్రం నుంచి సరిగ్గా అంతే వస్తోందా అని కొలిచి పూచీపడేది మెడికల్ ఫిజిసిస్ట్.

ఆ పనిలో కేంద్రక భౌతికశాస్త్రం ఎదురయ్యే చోటు చాలా ఆసక్తికరం. లీనియర్ యాక్సిలరేటర్ ఎలక్ట్రాన్లను ఉరికించి లోహపు లక్ష్యానికి కొట్టిస్తుంది. అక్కడ పుట్టిన ఎక్స్-కిరణాల ఫోటాన్లు కణితి మీదికి వెళ్తాయి. యంత్రం 10 మెగావోల్టులు దాటి పనిచేస్తే మాత్రం యంత్రం తలలోని టంగ్‌స్టన్, సీసం కేంద్రకాలు కొన్ని ఫోటాన్లను మింగి న్యూట్రాన్లను వదులుతాయి. సీసం-208 నుంచి ఒక న్యూట్రాన్ ఊడిరావడానికి దాదాపు 7.4 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు చాలు. 13.5 దగ్గరికి వచ్చేసరికి ప్రోటాన్లన్నీ ఒక పక్కకి, న్యూట్రాన్లన్నీ ఇంకో పక్కకి ఊగుతూ కేంద్రకం మొత్తం స్పందిస్తుంది. 1947లో బాల్డ్విన్, క్లైబర్ ప్రయోగాల్లో బయటపడిన ఈ ఊపునే జెయింట్ డైపోల్ రెజొనెన్స్ అంటారు.

ఎక్స్-కిరణాలను అడ్డుకునే సీసం ఈ న్యూట్రాన్ల ముందు పనికిరాదు. అందుకే అలాంటి గది తలుపులో బోరాన్ కలిపిన పాలిథిన్ పొర వేస్తారు. పాలిథిన్‌లోని హైడ్రోజన్ న్యూట్రాన్ వేగాన్ని చంపుతుంది, బోరాన్ దాన్ని పట్టేస్తుంది. ఆ పొర ఎంత మందం ఉండాలన్న లెక్క తప్పితే బయట కూర్చున్న సిబ్బందికి ముప్పు.

ఫోటాన్‌తో కేంద్రకాన్ని చీల్చిన తొలి ప్రయోగం 1934 నాటిది. థోరియం నుంచి వచ్చే గామా కిరణాలతో చాడ్విక్, గోల్డ్‌హేబర్ డ్యూటెరాన్‌ను విడగొట్టారు. తర్వాత లివర్‌పూల్‌లో అదే చాడ్విక్ దగ్గర పరిశోధన చేసిన తెలుగువారు ఒకరున్నారు: పశ్చిమ గోదావరి జిల్లా గొరగనమూడిలో పుట్టిన స్వామి జ్ఞానానంద. సన్యాసం తీసుకున్నాకే యూరప్‌లో భౌతికశాస్త్రం నేర్చిన ఆయన, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యూక్లియర్ ఫిజిక్స్ విభాగాన్ని నిలబెట్టారు. అక్కడి ప్రయోగశాల ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉంది. శూన్యాన్ని సృష్టించే పద్ధతుల మీద ‘హై వాక్యువా’ అనే పుస్తకం కూడా రాశారు. ఈనాటి యాక్సిలరేటర్ గొట్టంలోనూ ఎలక్ట్రాన్ పరుగెత్తాలంటే శూన్యం ఉండాల్సిందే. సిద్ధాంతంతో పాటు పంపు బిగించడం, డిటెక్టర్ సరిచూడడం తెలిసినవారికే ఈ రంగంలో గిరాకీ.

మెడికల్ ఫిజిసిస్ట్ కావాలంటే బీఎస్సీలో ఫిజిక్స్ ఉండాలి, ఆపై ఎమ్మెస్సీ ఫిజిక్స్. తర్వాత భాభా అణు పరిశోధన కేంద్రం నడిపే ఏడాది రేడియలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా లాంటి కోర్సు, దాని మీద గుర్తింపు ఉన్న రేడియేషన్ చికిత్స విభాగంలో 12 నెలల ఇంటర్న్‌షిప్. రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్‌గా పనిచేయాలంటే అణుశక్తి నియంత్రణ మండలి ఆమోదం కూడా తప్పనిసరి. దారి పొడవైనదే. ఎమ్మెస్సీ అయ్యాక కనీసం మరో రెండేళ్లు పడుతుందని ఇంట్లో ముందే చెప్పుకోవడం మంచిది.

పరిశోధనే ఇష్టమైతే గేట్, నెట్, జెస్ట్ లాంటి ప్రవేశ పరీక్ష రాసి పీహెచ్‌డీలో చేరాలి. మంగళూరు విశ్వవిద్యాలయంలో 8 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల మైక్రోట్రాన్ అనే ఎలక్ట్రాన్ యాక్సిలరేటర్ ఉంది. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయం ఆవరణలోని ప్రయోగశాలలో లేజర్ కాంతిని ఎలక్ట్రాన్ల పుంజానికి ఎదురుగా పంపి, దాదాపు ఒకే శక్తి ఉన్న గామా ఫోటాన్లను తయారుచేస్తారు. ఏ శక్తి దగ్గర ఏ కేంద్రకం ఎలా స్పందిస్తుందో అక్కడ విడివిడిగా కొలవొచ్చు.

ఎమ్మెస్సీ చివరి ఏడాదిలో ఉన్నవారు డిప్లొమా ప్రకటన కోసం భాభా కేంద్రం వెబ్‌సైట్ చూస్తూ ఉండాలి. ఈలోగా కాలేజీ ల్యాబ్‌లో గీగర్ కౌంటర్ ఖాళీగా ఉంటే, దాన్ని వదలకండి.