తెల్ల కణాలు ఎదగాలంటే: ఇంట్లోవారు తెలుసుకోవలసిన విషయాలు

కీమోథెరపీ ఇచ్చిన తరువాత "కౌంటు పడిపోయింది, ఇంజక్షన్ వేయాలి" అని డాక్టరుగారు మీకు చెప్పి ఉండవచ్చు. ఆ ఇంజక్షన్ ఏమి చేస్తుందో తెలిస్తే మీకు సగం భయం తగ్గుతుంది.

కణం ఎలా ఎదుగుతుంది?

మన ఎముకల లోపలి మూలుగలో న్యూట్రోఫిల్ అనే తెల్ల కణాలు రోజుకు సుమారు 10 వేల కోట్లు తయారవుతాయి. సూక్ష్మక్రిములను మింగి చంపేవి ఇవే. ఇవి పెరగడానికి శరీరమే కొన్ని ప్రోటీన్లను తయారు చేసుకుంటుంది. వాటిని గ్రోత్ ఫ్యాక్టర్లు, అనగా పెరుగుదల కారకాలు అంటారు. డాక్టర్లు ఇచ్చే ఫిల్‌గ్రాస్టిమ్ ఇంజక్షన్ అటువంటిదే. అమెరికాలో 1991 నుండి ఇది వాడుకలో ఉంది.

సంఖ్య ఒక్కటే చాలదు

పిల్లవాడు పొడవు పెరిగినంత మాత్రాన పనివాడు కాడు. కణం కూడా అంతే. ప్రతి కణం పొరలో అయాన్ ఛానళ్లు అనే సన్నని ద్వారాలుంటాయి. వాటి గుండా పొటాషియం, కాల్షియం వంటివి లోపలికీ బయటికీ వెళుతుంటాయి. మాక్రోఫేజ్ అనే మరో రకం రక్షక కణాలకు ఎలుకల మీద చేసిన పరిశోధనల్లో వాటి గ్రోత్ ఫ్యాక్టర్ ఇచ్చినప్పుడు, పొటాషియం ద్వారాలు పెరిగాయి. ఆ ద్వారాలను మూసినప్పుడు కణాల వృద్ధి తగ్గింది. కొందరు పిల్లల్లో రక్షక కణాలు తగినన్ని ఉన్నా వ్యాధులు ఎందుకు ఆగవో 2006లో తెలిసింది. వారిలో కాల్షియం ద్వారంలోనే పుట్టుకతో లోపం ఉంది.

"అలాగైతే పొటాషియం కోసం కొబ్బరినీళ్లు, అరటిపండ్లు ఎక్కువగా పెట్టవచ్చా?" అని మీరు అడగవచ్చు. వాటివల్ల ఈ ద్వారాలు పెరగవు. పైగా మూత్రపిండాలు సరిగా పనిచేయనివారికి పొటాషియం మితిమీరితే గుండెకే ప్రమాదం. డాక్టరుగారిని అడగకుండా ఇవ్వకండి.

మీరు చేయవలసినవి

1. న్యూట్రోఫిల్స్ 500 కంటే తగ్గితే ప్రమాదం ఎక్కువ. జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే, అర్ధరాత్రి అయినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. ఇంట్లో జ్వరం మాత్ర వేసి తెల్లవారేదాకా చూడవద్దు. మాత్ర జ్వరాన్ని కప్పిపుచ్చుతుందే గాని క్రిమిని చంపదు.

2. మొదటి ఒకటి రెండు రోజుల్లో కౌంటు కొంత పెరిగి మళ్లీ తగ్గవచ్చు. పెరిగింది కదా అని ఇంజక్షన్లు మీ అంతట మీరు ఆపవద్దు.

3. నడుము, తుంటి ఎముకల్లో నొప్పి రావడం సాధారణమే. కాని ఎడమవైపు పొట్ట పైభాగంలోగాని, ఎడమ భుజంలోగాని నొప్పి వస్తే వెంటనే చెప్పండి. అది ప్లీహానికి సంబంధించినది కావచ్చు.

4. ఇంజక్షన్‌ను ఫ్రిజ్‌లో ఉంచండి. గడ్డకట్టే అరలో పెట్టవద్దు.

5. రోగిని తాకే ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. జలుబు ఉన్న బంధువులు కొద్దిరోజులు ఆగి రావడం మంచిది.

కొత్త కణాలు ఎదిగి పనిలోకి దిగడానికి కొన్ని రోజులు పడుతుంది. ఆ రోజుల్లో రోగికి కాపలా మీరే. థర్మామీటరు, ఆసుపత్రి ఫోన్ నంబరు చేతికి అందేచోట ఉంచుకోండి.