పది మీటర్ల బ్యాండు : అదనెరిగి ఆలకింపుడు

మెట్టసేద్యము చేయు రైతునకు అదననగా నేమో వేరుగ చెప్పనక్కరలేదు. నేల మంచిదే, విత్తనము మంచిదే, ఎడ్లు బలమైనవే అయినను అదను తప్పి చల్లిన గింజ మొలవదు. రేడియోలో గూడ అట్టి మెట్టభూమి యొకటి కలదు. ఔత్సాహిక రేడియోవారు, అనగా హాములు, దానిని పది మీటర్ల బ్యాండని పిలుచుచున్నారు.

వ్యాపారాపేక్ష లేక, ప్రభుత్వ పరీక్షయందు ఉత్తీర్ణులై, అనుమతిపత్రమును పిలుపుగుర్తును పొంది, తమ సొంత యంత్రములతో పరస్పరము సంభాషించువారు హాములు. మన గ్రామములలోను పట్టణములలోను ఈ విద్య నభ్యసించిన యువకులలో పెక్కురు 7 మెగాహెర్ట్జ్ బ్యాండులో మాటలాడుదురు. మరికొందరు చేతిలో పట్టు చిన్న యంత్రములతో 144 మెగాహెర్ట్జ్‌లో ఊరిలోనివారిని పలుకరింతురు. ఈ రెంటికిని నడుమ 28 నుండి 29.7 మెగాహెర్ట్జ్ వరకు విశాలమైన క్షేత్రమొకటి పడియున్నది. దానివంక చూచువారు తక్కువ. చూచినవారిలోను అనేకులు ఒకటి రెండు దినములు విని, ఏమియు వినబడలేదని విడిచిపెట్టుచున్నారు. అట్టివారి కొరకే ఈ వ్యాసము.

ఒక పల్లెలో చూచినది

గత ఫాల్గుణమాసములో మేము కృష్ణాతీరమున నొక గ్రామమునకు పోయియుంటిమి. అచట నొక యువకుడు పగలు బియ్యపుమిల్లులో ఎలక్ట్రీషియను పనిచేయుచు, తీరిక సమయమున హామ్ రేడియో నడుపుచున్నాడు. డాబాపైన రెండు వెదురుగడలు పాతి తీగె కట్టినాడు. కాని దానివంక చూచి నిట్టూర్చినాడు.

"మూడు నెలలనుంచి వింటున్నాను సార్. ఒక్క గొంతు కూడా లేదు. ఈ బ్యాండు చచ్చిపోయినట్టుంది. తీగె విప్పేద్దామనుకుంటున్నాను" అన్నాడు.

ఏ వేళ వినుచున్నావని యడిగితిమి. మిల్లునుండి వచ్చి, భోజనము చేసి, రాత్రి తొమ్మిది దాటిన పిమ్మట కూర్చుందునని చెప్పినాడు. అరుగుమీద కూర్చుండి వినుచున్న అతని తాతగారు నవ్వి, "ఒరే అబ్బాయీ, అదను చూసుకోకుండా విత్తి, నేల గొడ్డుపోయిందంటే ఎట్లారా? నీ యంత్రానికి మాత్రం అదనుండదా?" అనిరి. సంగతి పూర్తిగ ఆయన మాటలోనే యున్నది.

నిశ్శబ్దమునకు కారణము

భూమికి పైన వందల కిలోమీటర్ల ఎత్తున వాయువు మిక్కిలి పలుచనగు. అచట సూర్యుని అతినీలలోహిత కిరణములు, ఎక్సుకిరణములు తాకి వాయుకణములను విద్యుదావేశము గలవానిగ మార్చును. ఆ పొరకే అయనావరణమని పేరు. మనము పంపిన రేడియోతరంగము ఆ పొరను చేరి, వంగి, దూరదేశమున మరల భూమికి దిగును. ఒక్క గెంతులో మూడు నాలుగు వేల కిలోమీటర్లు పోగలదు. అట్టి గెంతులు రెండు మూడు కలిసిన ఖండాంతరములు దాటును. ఈ ఆవరణమును గూర్చిన పరిశోధన మనవారికి క్రొత్తది కాదు. వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు ఆచార్య బి. రామచంద్రరావుగారి నాయకత్వమున ఇందుపై ఎన్నియో పరిశోధనలు జరిగినవి. తిరుపతి సమీపమున గాదంకియందలి రాడారు నేటికిని 53 మెగాహెర్ట్జ్ తరంగములతో పై వాతావరణమును పరీక్షించుచున్నది.

తరంగపు పౌనఃపున్యము హెచ్చినకొలది దానిని వంచుటకు పొరలో ఎక్కువ ఆవేశము కావలెను. 7 మెగాహెర్ట్జ్ తరంగమునకు రాత్రివేళ మిగిలిన ఆవేశమే చాలును. 28 మెగాహెర్ట్జ్‌కు అది చాలదు. సూర్యుడు క్రుంకిన కొలది గంటలలో పొర బలహీనపడును. అప్పుడు తరంగము దానిని చీల్చుకొని ఆకాశములోనికి పోవును, తిరిగి రాదు. రాత్రి తొమ్మిది దాటిన పిమ్మట కూర్చున్న యువకునికి తరచు నిశ్శబ్దమే దక్కుటకు కారణమిదియే. యంత్రములో లోపము లేదు, తీగెలో లోపము లేదు, వేళలోనే లోపము.

సూర్యునిలోను హెచ్చుతగ్గులు కలవు. సూర్యబింబముపై మచ్చలు సుమారు పదునొకండేండ్ల కొకమారు హెచ్చి మరల తగ్గుచుండును. మచ్చలు హెచ్చిన యేండ్లలో పది మీటర్ల బ్యాండు పగలంతయు తెరచియుండును. తగ్గిన యేండ్లలో దినముల తరబడి మూగవోవును. 2019 డిసెంబరులో ఆరంభమైన 25వ చక్రము 2024లో ఉచ్చదశను చేరినది. ఉచ్చదశ గడచిన వెంటనే అంతయు ముగిసిపోదు. కాని యేటేట మంచిదినములు తగ్గుచుండును. తిరిగి ఇట్టి పంట రావలెనన్న దాదాపు ఒక దశాబ్దము వేచియుండవలెను. కావున నేర్వదలచినవారు వాయిదా వేయరాదు.

ఏ వేళ ఏ దిక్కు

సూర్యుని వెంట బ్యాండు నడచునని గుర్తుంచుకొనిన చాలును. ఉదయము ఆరున్నర మొదలు తొమ్మిది పదివరకు తూర్పుదేశములు, అనగా జపాను, ఆస్ట్రేలియా, పసిఫిక్ ద్వీపములు వినబడుటకు వీలున్నది. మధ్యాహ్నము దాటిన పిమ్మట పడమర మేలుకొనును. సాయంత్రము ఏడుగంటల వరకు, మంచిదినములలో మరికొంత సేపు, యూరపు, ఆఫ్రికా ఖండములవారు దొరకుదురు. శరదృతువును, శిశిరాంతమునుండి వసంతము వరకుగల కాలమును దూరసంభాషణకు మేలైనవి. వేసవిలో సుమారు నూరు కిలోమీటర్ల ఎత్తున అప్పుడప్పుడు ఆవేశపు మబ్బుతునకవంటి పొర యేర్పడును. అపుడు హైదరాబాదునుండి ఢిల్లీ వంటి దూరములు హఠాత్తుగ వినబడి, అరగంటలోనే మాయమగుట కలదు.

ఇందొక చిత్రము గమనింపవలెను. ఏడువేల కిలోమీటర్ల దూరమునగల స్టేషను స్పష్టముగ వినబడుచుండగా, వేయి కిలోమీటర్లలోనున్న సింహళము వినబడకపోవచ్చును. తరంగము గెంతి, నడుమనున్న ప్రాంతమును దాటిపోవుటయే యిందుకు హేతువు. దగ్గరివాడు వినబడలేదని దూరపువాడును లేడనుకొనరాదు.

దారిదీపములు

బ్యాండు తెరచినదో లేదో తెలియుట యెట్లు? సముద్రమున ఓడలకు దీపస్తంభములున్నట్లే హాములకు రేడియో దీపములు కలవు. ఉత్తర కాలిఫోర్నియాలోని నొక హాముల సంస్థయు, అంతర్జాతీయ ఔత్సాహిక రేడియో సమాఖ్యయు కలిసి పదునెనిమిది దేశప్రాంతములలో వీనిని నెలకొల్పినవి. జపాను, హాంకాంగు, శ్రీలంక, కెన్యా, దక్షిణాఫ్రికా, ఫిన్లాండు, ఆస్ట్రేలియాలోని పెర్త్ వీనిలోనివి. అన్నియు 28.200 మెగాహెర్ట్జ్‌పైననే వంతులవారీగ పలుకును. ఒక్కొక్కదానికి పది సెకండ్లు. మూడు నిముషములలో వరుస పూర్తియగును.

ప్రతి దీపమును ముందు తన పిలుపుగుర్తును మోర్సుభాషలో పంపి, పిమ్మట సెకను చొప్పున నాలుగు దీర్ఘనాదములు చేయును. గుర్తును మొదటి నాదమును 100 వాట్ల శక్తితోను, తక్కినవి వరుసగ 10 వాట్లు, 1 వాటు, వాటులో పదవవంతుతోను వెలువడును. మీకు రెండు నాదములు వినబడినచో ఆ దిక్కునకు 10 వాట్లు చాలునని గ్రహింపవచ్చును. మోర్సు రానివారు గూడ నాదములను లెక్కింపవచ్చును. గడియారపు సెకండ్లను బట్టి ఏ దేశపు వంతో పట్టికలో చూచుకొనవచ్చును. మరమ్మతుకై కొన్ని దీపములు అప్పుడప్పుడు ఆగియుండును గాన ఒక్కటి వినబడలేదని నిరాశపడరాదు.

తీగె కట్టుట

పది మీటర్ల బ్యాండు పేదవాని బ్యాండని మేము చెప్పుదుము. 7 మెగాహెర్ట్జ్‌కు కట్టు తీగె సుమారు ఇరువది మీటర్ల పొడవుండవలెను. పల్లెటూరి పెరడులో అంత చోటు అందరికి నుండదు. 28.4 మెగాహెర్ట్జ్‌కు అయిదు మీటర్లు చాలును. 143ను మెగాహెర్ట్జ్ సంఖ్యచే భాగించినచో మొత్తము పొడవు మీటర్లలో వచ్చును. దానిని సగముగ కోసి, నడుమ ఏకాక్షకపు కేబులును కలుపవలెను. ఒక్కొక్క రెక్క రెండున్నర మీటర్లుండును. మొదట నాలుగు వేళ్లు పొడవుగ నుంచి, కొలతపరికరముతో పరీక్షించుచు కొద్దికొద్దిగ కత్తిరించుట మంచిది. కత్తిరించినదానిని తిరిగి అతికించుట కష్టము. తీగె నేలకు అయిదు మీటర్లకు తగ్గకుండ నున్నచో దూరప్రయాణమునకు అనుకూలము. కేబులు పొడవు పెరిగిన కొలది శక్తి దారిలోనే వ్యయమగును గాన అవసరమునకు మించి వాడరాదు.

రెండు హెచ్చరికలు మరువరాదు. తీగెయు గడయు ఏవైపునకు కూలినను కరెంటుతీగెలను తాకనంత దూరమున నుండవలెను. ఉరుములు మొదలగుటకు ముందే కేబులును యంత్రమునుండి ఊడదీసి ఇంటివెలుపల నుంచవలెను. ఈ రెంటిని ఉపేక్షించినచో పోవునది యంత్రము మాత్రమే కాదు, ప్రాణము.

మరియొక చిక్కు చప్పుడు. చవుకరకపు ఎల్.ఇ.డి. దీపములు, సెల్‌ఫోను చార్జర్లు, సౌరవిద్యుత్ ఇన్వర్టర్లు బుస్సుమను ధ్వనిని పుట్టించి బలహీనమైన పిలుపులను మింగివేయును. యంత్రమును బ్యాటరీపై నుంచి, ఇంటి మెయిను ఆపి యొకమారు వినిన దొంగ యెవరో తేలిపోవును.

పిలుపు

7 మెగాహెర్ట్జ్‌లో అలవాటుపడినవారు చేయు పొరపాటొకటి కలదు. అచట క్రింది పక్కపట్టీ వాడుదురు. ఇచట పై పక్కపట్టీ వాడవలెను. మీట మార్చనిచో వచ్చు మాట బాతుకూతవలె అర్థము లేకుండ నుండును. మాటలాడువారు ఎక్కువగ 28.3 నుండి 28.6 వరకు కూడియుందురు. 28.074 వద్ద కంప్యూటరు సహాయమున సంకేతములు పంపువారు దాదాపు ఎల్లప్పుడు నుందురు. అచట కూజితములు వినబడిన బ్యాండు సజీవముగ నున్నదనియే అర్థము.

ఇక అసలు రహస్యము. బ్యాండు తెరచియుండియు నిశ్శబ్దముగ నుండుట తరచు జరుగును. ఏలన అందరును వినువారే, పిలుచువారు లేరు. దీపములు వినబడుచున్నవి గాని మనుష్యులు లేరనిపించినపుడు, ఆ చోటు ఖాళీగ నున్నదో లేదో అడిగి, పిలుపునందుకొనుటకు సంసిద్ధులై, "సీక్యూ" అని మీరే పిలువవలెను. మూడుమార్లు పిలిచి, ఆగి, విని, మరల పిలువుడు. పదినిముషములు ఓపిక పట్టుడు. ఎవరైన బదులు పలికిన వారి గుర్తును, ధ్వనిబలమును, వేళను పుస్తకములో వ్రాసికొనుడు. ప్రపంచకాలము మన గడియారముకంటె అయిదున్నర గంటలు వెనుకనుండును. అనుమతిపత్రములో నిర్ణయించిన శక్తికి, హద్దులకు మించి ప్రసారము చేయరాదు. అనుమతి లేనివారు ప్రసారము చేయుట శిక్షార్హమని వేరుగ చెప్పనక్కరలేదు.

ఇందువలన ప్రయోజనమేమి?

తుపానులో పొరుగుజిల్లాకు వార్త పంపుటకు పది మీటర్ల బ్యాండు తగినది కాదు. అందుకు 7 మెగాహెర్ట్జ్, 144 మెగాహెర్ట్జ్ మేలు. మరి దీని నేర్చుకొనుట వినోదమునకేనా? 2004 డిసెంబరు నాటి సంగతి జ్ఞప్తికి తెచ్చుకొందము. హైదరాబాదులోని జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ తరఫున శ్రీమతి భారతీప్రసాద్ మొదలగువారు దూరదేశములతో సంభాషించు వేడుకకై అండమానులోని పోర్టుబ్లెయిరునకు పోయియుండిరి. 26వ తేదీన సునామీ విరుచుకొనిపడినది. వేడుకకై కట్టిన తీగెలే ఆనాడు ఆపన్నులకు ఆధారమైనవి. ద్వీపములలోనివారి క్షేమసమాచారములు ఆ యంత్రముల ద్వారా దేశమునకు చేరినవి. ఆపద వచ్చిన దినమున ఎవ్వరును క్రొత్తగ నేర్వలేరు. ఏ వేళ ఏ బ్యాండు ఎంతదూరము పోవునో, ఎచట మూగవోవునో, చప్పుడులోనుండి మాటనెట్లు ఏరుకొనవలెనో వేడుకదినములలో నేర్చినవాడే కష్టదినమున నిలువగలడు. పది మీటర్ల బ్యాండు ఈ చదువునకు మంచి బడి.

ఆ యువకునికి మేము మాట యిచ్చి, ఆదివారము సాయంత్రము నాలుగుగంటలకు మరల అతని డాబా యెక్కితిమి. మొదట దీపములు విన్నాము. ఒకటి రెండు నాదములు అందినవి. పిమ్మట అతడు పది వాట్లతో పిలిచినాడు. రెండుమార్లు పిలిచినను బదులు లేదు. మూడవమారు ఇటలీనుండి యొక గొంతు అతని గుర్తును తిరిగి పలికినది. యువకుని చేయి వణకి, పుస్తకములో వేళ వ్రాయుట మరచినాడు.

"ఇటలీ అంటే ఎంత దూరమురా?" అని తాతగారడిగిరి.

"ఏడువేల కిలోమీటర్లు ఉంటుంది తాతా."

"మరి చచ్చిపోయిందన్నావే!" అని ఆయన మరల నవ్విరి.

తీగె విప్పుట మాని, దానిని మరికొంత ఎత్తున బిగించుటకు ఆ యువకుడు మరునాడే గడలు కొని తెచ్చినాడు. మీ ఊరిలోనో మీ కళాశాలలోనో ఇట్టి తీగె యొకటి మూలబడియున్నచో దానిని దింపకుడు. సూర్యుడు పైననుండగా ఒకమారు వినుడు, వినబడకున్న పిలువుడు.