విండ్‌సర్ఫింగ్: తొలి రోజులు

తెరచాప పడవను మీరు చూసే ఉంటారు. మనిషి నిలబడే పలకకే తెరచాప బిగిస్తే? 1960ల చివర్లో అమెరికాలోని కాలిఫోర్నియాలో జిమ్ డ్రేక్, హోయిల్ ష్వైట్జర్ చేసింది అదే. పలక పొడవు సుమారు 12 అడుగులు. చుక్కాని లేదు! తెరచాప కొయ్య అడుగున ఎటైనా వంగే కీలు ఉంటుంది. కొయ్యను ముందుకు వాల్చితే పలక గాలికి ఎడంగా, వెనక్కి వాల్చితే గాలివైపు తిరుగుతుంది.

నీళ్లలో పడ్డ తెరచాపను తాడుతో పైకి లాగేసరికి నడుము పట్టేసేది. అయినా పాతవారు ఆ రోజులనే తలచుకుంటారు. పిల్లగాలికి కూడా ఆ పలక కదిలేది, ఒక్కదానిమీదే ఇంటిల్లిపాదీ నేర్చుకోగలిగేవారు. 1984లో ఈ ఆట ఒలింపిక్స్‌లో చేరింది. అదే దశకంలో పొట్టి పలకలు వ్యాపించాయి. వాటి వేగం ఎక్కువే, కాని గాలి బలంగా లేకుంటే మనిషి బరువుకు మునుగుతాయి. ఒడ్డున గాలికోసం ఎదురుచూసి విసిగినవారు పలకలను అటకెక్కించారు.

పాఠగత ప్రశ్న: పొట్టి పలకలు వచ్చాక కొందరు ఈ ఆటకు ఎందుకు దూరమయ్యారు? మీ మాటల్లో రాయండి.