ఆ పీకును చెరపకు, చాటకు

చిన్నీ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఎక్స్‌ఆర్‌డి (ఎక్స్‌రే డిఫ్రాక్షన్) పటం చూశాను. 7.4 డిగ్రీల దగ్గర లేచిన ఆ బుల్లి పీకును మీ సీనియర్ ‘నాయిస్, వదిలెయ్, బేస్‌లైన్ సరిచేస్తే పోతుంది’ అన్నాడని రాశావు. పక్క బెంచీ అమ్మాయేమో ‘కొత్త పాలిమార్ఫ్ దొరికింది, పార్టీ ఎప్పుడు’ అందట, అంటే అదే అణువుకు ఇంకో స్ఫటిక రూపం, మన భాషలో ఇంకో ఫార్మ్. నన్నడిగావు కాబట్టి చెబుతున్నా, ఇద్దరి మాటా వినకు. అది ఎక్కడినుంచి వచ్చిందో తెలియకుండా చెరిపెయ్యడమూ తప్పే, చాటింపు వెయ్యడమూ తప్పే. నా ఉద్యోగం అంతా జీడిమెట్లలో ఒక బల్క్ డ్రగ్ కంపెనీ అనలిటికల్ ల్యాబులో గడిచింది. అక్కడ రోజూ చేసింది ఈ పనే: ఉండకూడని పీకు ఎందుకుందో, ఉండాల్సింది ఎందుకు లేదో కనిపెట్టడం.

ముందు యంత్రాన్ని అనుమానించు. నీ పటంలో అన్నిటికన్నా ఎత్తైన పీకు 8.2 దగ్గర ఉంది, గమనించావా? రాగి ట్యూబు నుంచి మనకు కావలసిన కె-ఆల్ఫా కిరణం తరంగదైర్ఘ్యం 1.54 ఆంగ్‌స్ట్రామ్‌లు. దాని వెంటే 1.39 ఆంగ్‌స్ట్రామ్‌ల కె-బీటా కూడా బయల్దేరుతుంది. దాన్ని ఆపడానికే నికెల్ ఫిల్టరు పెడతారు. ఫిల్టరు పెట్టడం మరిచినా, అది పాడైనా, ప్రతి పెద్ద పీకుకూ కాస్త ఎడమవైపున దాని దయ్యం ఒకటి లేస్తుంది. 8.2 పీకు దయ్యం ఎక్కడ లేవాలో బ్రాగ్ సమీకరణంలో వేసి చూడు. రెండు నిమిషాల లెక్క. 7.4 వస్తుంది. నేనైతే అక్కడే సగం ఆగిపోతాను. ఆపరేటర్ దగ్గరికెళ్ళి ఫిల్టరు సంగతి అడుగు, తర్వాత అదే పొడిని వేరే యంత్రం మీద పెట్టించు. దయ్యమే అయితే ఏ శాంపిల్ పెట్టినా దానికీ పెద్ద పీకుకూ ఎత్తుల నిష్పత్తి మారదు. పొడిలోనే ఉన్న పదార్థం అయితే బ్యాచికీ బ్యాచికీ మారుతుంది.

ఫిల్టరు బాగానే ఉందనుకో. ఖాళీ హోల్డర్‌ను ఒకసారి స్కాన్ చెయ్యి, ఆ పీకు హోల్డర్‌దే కావచ్చు. తర్వాత పొడిని పోలరైజింగ్ మైక్రోస్కోప్ కింద చూడు. ఈ కాలం పిల్లలు దీన్ని ఎగ్గొడతారు, నాకు మహా కోపం. పలకల మధ్య సూదులు కనబడితే పీకు కథ సగం అక్కడే తెలుస్తుంది. స్ఫటికాలు ఒకే వైపు ఒరిగి పడుకుంటే పీకుల ఎత్తులు మారతాయి కానీ చోటు మారదు. అందుకని తెలిసిన ఫార్మ్ నిర్మాణం కేంబ్రిడ్జ్ డేటాబేస్‌లో ఉంటే దాన్నుంచి పౌడర్ పటం లెక్కగట్టించి, 7.4 దగ్గర, అంటే దాదాపు 11.9 ఆంగ్‌స్ట్రామ్‌ల అంతరంలో, బలహీనంగానైనా పీకు రావచ్చో లేదో చూడు. 1965లో మొదలైన ఆ డేటాబేస్‌లో 2019 నాటికే పది లక్షల నిర్మాణాలు దాటాయి. నీ అణువు అక్కడ లేకపోవచ్చు గానీ, వెతక్కుండా ‘కొత్తది’ అనకు.

నువ్వు ఈ పొడిని ఇథనాల్–నీళ్ళ మిశ్రమం నుంచి తీశానన్నావు. అలాంటప్పుడు నాకు మొదట తోచే అనుమానం హైడ్రేట్, అంటే స్ఫటికంలో నీళ్ళు చేరిన రూపం. వేడిచేస్తూ బరువు కొలిచే టీజీఏ చేయించు. నీ అణుభారం 300 చుట్టూ కాబట్టి, పొడి అంతా మోనోహైడ్రేట్‌గా మారి ఉంటే బరువు 5.7 శాతం దాకా తగ్గాలి. పీకు చిన్నది, కొంత భాగమే మారి ఉంటుంది, కాబట్టి తక్కువే తగ్గొచ్చు. అది కనిపించేదే. శాంపిల్‌ను గట్టిగా నూరకు, నూరుడుకే ఫార్మ్ మారిపోయే పదార్థాలున్నాయి.

ఒక్క పీకుకు ఇంత రాద్ధాంతమా అనుకుంటున్నావేమో. బడిలో మనకు పదార్థం అంటే ఫార్ములా అని నూరిపోశారు. ఫార్ములా రాస్తే పదార్థం తెలిసిపోయినట్టే. మన రంగం ఆ నమ్మకాన్ని పగలగొట్టడంతోనే మొదలైంది. 1913లో లారెన్స్ బ్రాగ్ ఉప్పు స్ఫటికం లోపలి అమరిక తేల్చాడు. ఒక్కో సోడియం చుట్టూ ఆరు క్లోరిన్లు, ఒక్కో క్లోరిన్ చుట్టూ ఆరు సోడియంలు. సోడియం క్లోరైడ్ జంట అంటూ విడిగా ఎక్కడా లేదు. రెండేళ్ళకి తండ్రితో కలిసి నోబెల్ అందుకున్నప్పుడు అతనికి పాతికేళ్ళు. అయినా 1927లో, ఎనభైకి దగ్గరపడిన హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే పేరున్న రసాయన శాస్త్రవేత్త, ఉప్పును చదరంగం పలకగా మార్చేశారని ‘నేచర్’కు వెటకారంగా ఉత్తరం రాశాడు. ఆయన్ని చూసి నాకు నవ్వు రాదు. జీవితమంతా రాసుకున్న ఫార్ములా మీద మమకారం అంత తేలిగ్గా పోదు.

పారాసెటమాల్‌నే తీసుకో. మందుల షాపులో దొరికే మాత్రలో మామూలుగా ఉండేది ఫార్మ్ I. దాన్ని ఉత్త పొడిగా ప్రెస్ కింద నొక్కితే బిళ్ళ సరిగ్గా కట్టదు, బైండర్ కలపాలి. ఫార్మ్ IIలో అణువులు చదునైన పొరలుగా పేరుకుని ఒకదాని మీద ఒకటి జారుతాయి, కాబట్టి నేరుగా నొక్కినా బిళ్ళ కడుతుంది. కానీ అది నిలకడ లేనిది, సందు దొరికితే Iగా మారిపోతుంది. ఒకే అణువు, ఒక్క పరమాణువు తేడా లేదు. అమరికే గుణం.

ఇప్పుడు అదనపు పీకుల సంగతి. రానిటిడిన్ తెలుసుగా, తాతయ్య కడుపుమంటకు వేసుకునేవాడు. 1980లో గ్లాక్సో వాళ్ళ ఒక బ్యాచి ఇన్‌ఫ్రారెడ్ స్పెక్ట్రమ్‌లో 1045 దగ్గర మునుపెన్నడూ లేని పదునైన పీకు ఒకటి కనిపించింది. ఎవరూ ‘నాయిస్’ అని కొట్టెయ్యలేదు. అది ఫార్మ్ 2 అని తేలింది. దానికి వేరే పేటెంటు తీసుకున్నారు. తర్వాత జెనరిక్ కంపెనీలకూ వాళ్ళకూ కోర్టుల్లో నడిచిన తగాదా అంతా, పాత పేటెంటులో రాసిన పద్ధతి ప్రకారం చేస్తే ఫార్మ్ 1 వస్తుందా, 2 వస్తుందా అన్నదాని చుట్టూనే. హైదరాబాద్ కంపెనీల్లో పాలిమార్ఫ్ అనగానే కెమిస్టుతో పాటు లాయరూ తలెత్తి చూసేది అందుకే.

రిటోనవిర్ కథ మరీ చేదు. అది హెచ్‌ఐవి మందు. 1996లో అబాట్ మార్కెట్‌లోకి తెచ్చింది. క్యాప్సూల్‌లో ఉన్నది పొడి కాదు, మందు కరిగిన ద్రావణం. అప్పటికి తెలిసింది ఒక్క ఫార్మే. దాని లెక్కన ఆ ద్రావణంలో మందు గడ్డకట్టే అవకాశమే లేదు. రెండేళ్ళు సాఫీగా నడిచాక 1998లో కొన్ని లాట్లు డిజల్యూషన్ పరీక్షలో తప్పడం మొదలైంది. తెరిచి చూస్తే లోపల స్ఫటికాలు! ఎవరూ చూడని ఫార్మ్ II. అది I కన్నా స్థిరమైనది, చాలా తక్కువ కరిగేది. ఆ ద్రావణం ఫార్మ్ I లెక్కన పలచనే గానీ ఫార్మ్ II లెక్కన అతిసంతృప్తం. ఒక్కసారి గింజ పడ్డాక ఆగలేదు. పాలల్లో చారెడు తోడు పడితే గిన్నె అంతా పెరుగైనట్టు, ఎక్కడ ఫార్మ్ II ఆనవాలు సోకితే అక్కడ అదే తయారైంది. కొంతకాలం అమెరికా ప్లాంటులో ఫార్మ్ I చెయ్యడమే వాళ్ళకు గగనమైంది. ఆ పనిమీద ఇటలీ ప్లాంటుకు మనుషులు వెళ్ళి వచ్చాక అక్కడా II కనిపించింది. క్యాప్సూళ్ళు వెనక్కి తీసుకుని, రోగులకు రుచి పరమ అధ్వానమైన ద్రవ మందు ఇచ్చారు. ఫ్రిజ్‌లో పెట్టుకోవలసిన కొత్త క్యాప్సూళ్ళు 1999లో గానీ రాలేదు. ఇంత జరిగి, ఇంతమంది వెతికిన ఈ అణువుకే 2022లో మూడో ఫార్మ్ దొరికింది. ‘ఈ మందుకు ఇన్ని ఫార్ములే ఉన్నాయి’ అని ఎవరైనా ధీమాగా అంటే ‘ఇప్పటిదాకా’ అని మనసులో చేర్చుకో.

ఈ కథలు విని మీ బెంచీ అమ్మాయిలా గంతులేస్తావేమో, రెండోవైపూ చెబుతాను. 2023 జూలైలో కొరియా వాళ్ళు ఎల్‌కె-99 అనే పదార్థం మామూలు వాతావరణంలోనే సూపర్ కండక్టర్ అన్నారు. నువ్వప్పుడు ఎమ్మెస్సీలో ఉండి రాత్రంతా ట్విట్టర్ చూస్తూ కూర్చున్నావని మీ నాన్న విసుక్కున్నాడు. ఢిల్లీలో నేషనల్ ఫిజికల్ ల్యాబొరేటరీ వాళ్ళు సహా ఎందరో చేసి చూశారు, ఏమీ రాలేదు. 104 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిరోధం ఒక్కసారిగా పడిపోవడం వాళ్ళ పెద్ద సాక్ష్యం. తయారీలో మలినంగా మిగిలే క్యుప్రస్ సల్ఫైడ్ నిర్మాణం మార్చుకునే ఉష్ణోగ్రత కూడా సరిగ్గా అదే. జర్మనీలో ఆ మలినం లేకుండా సింగిల్ క్రిస్టల్ పెంచి చూస్తే ఊదారంగులో పారదర్శకంగా, కరెంటును అసలు పోనివ్వని ముక్క వచ్చింది. అంతకుముందు 1960ల్లో రష్యా వాళ్ళు సన్నని క్వార్ట్జ్ గొట్టాల్లో ‘పాలీవాటర్’ అనే చిక్కటి నీరు కనిపెట్టామన్నారు. ప్రపంచమంతా ఎగబడింది. చివరికి బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రూసో తన బనియన్ నుంచి పిండిన చెమటకు ఇన్‌ఫ్రారెడ్ తీస్తే ఇంచుమించు పాలీవాటర్ స్పెక్ట్రమే వచ్చింది! మన పనిలో మొదట అడగాల్సిన ప్రశ్న ‘ఇది మురికా?’ అన్నదే. అడగడానికి నామోషీ పడకు.

నోట్‌బుక్ సంగతి. ‘ఇథనాల్‌లో కరిగించి చల్లార్చాను’ అని రాసి ఊరుకుంటావు, నీ పాత ఫొటోల్లో చూశాను. ఎంత వేడి నుంచి ఎంతకు, ఎన్ని గంటల్లో, స్టిర్రర్ ఏ వేగంతో, సాల్వెంట్ ఏ బాటిల్, అందులో నీళ్ళెంత, సీడ్ వేశావా, వేస్తే ఏ బ్యాచిది, ఎక్కడ ఆరబెట్టావు, ఎన్ని రోజులు: ఇవన్నీ రాయాలి. హైదరాబాద్‌లో మే నెలలో ఆరబెట్టిన పొడీ ఆగస్టు ముసురులో ఆరబెట్టిన పొడీ ఒకటి కావు. మీ ల్యాబులో రాత్రి ఏసీ కట్టేస్తారంటే అదీ రాయి. స్ఫటికాలు తీశాక మిగిలే మదర్ లిక్కర్‌ను పారబొయ్యకు, లేబుల్ వేసి దాచు. ఏ బ్యాచికైనా కొంచెం పొడి విడిగా సీలు చేసి పెట్టుకో, రేపు ఎవరైనా ‘చూపించు’ అంటే చూపించడానికి. చాలా ఫార్ములు ఒకసారి కనిపించి మళ్ళీ రాకుండా పోతాయి. అప్పుడు నీ దగ్గర మిగిలేవి ఆ సీసా, ఆ పేజీ.

స్పేస్ గ్రూపులంటే భయమేస్తోందన్నావు. భయం సహజమే గానీ పారిపోకు. ఆంధ్రా యూనివర్సిటీ నుంచి 1948లో సూరి భగవంతం, టి. వెంకటరాయుడు కలిసి గ్రూప్ థియరీని భౌతిక సమస్యలకు ఎలా వాడాలో ఒక పుస్తకం రాశారు. స్ఫటికాల సౌష్ఠవం అర్థం చేసుకోవడానికి అది అప్పట్లోనే ఒక ఆధారం. మీ లైబ్రరీలో అడుగు. ఇక గౌతమ్ దేశిరాజు క్రిస్టల్ ఇంజినీరింగ్ పుస్తకం 1989లో వచ్చింది. ఆయన అప్పుడు హైదరాబాద్ యూనివర్సిటీలో ఉన్నాడు. అణువులు ఒకదాన్నొకటి ఎలా పట్టుకుంటాయన్న శాస్త్రం మన గచ్చిబౌలిలోనూ పెరిగింది. నువ్వు రోజూ ఆ దారిలోనే బస్సెక్కుతున్నావు. ముందు దేశిరాజు పుస్తకం, తర్వాతే పేపర్లు.

మీ గైడ్ మేడమ్‌కి ఎలా చెప్పాలి అన్నది నీ అసలు బెంగ అని నాకు తెలుసు. సీనియర్ మీద ఫిర్యాదులా తీసుకెళ్ళకు. రెండు యంత్రాల మీద తీసిన పటాలు, ఖాళీ హోల్డర్ స్కాన్, టీజీఏ, మైక్రోస్కోప్ ఫొటోలు ఒక కాగితం మీద వరసగా పెట్టి, ‘మేడమ్, ఈ పీకు ఫలానా కారణాల వల్ల కాదని తేలింది, మిగిలినవి ఇవి’ అని చెప్పు. మంచి గైడ్ అయితే కుర్చీ దగ్గరకు లాక్కుంటుంది. ‘తీసెయ్’ అని ఆవిడే అన్నా పటంలో వేలు పెట్టకు. పేపర్‌లో ఆ పీకు అలాగే ఉంచి, కింద ఒక్క వాక్యం రాయడానికి ఒప్పించు.

నవంబరు సదస్సుకు అబ్‌స్ట్రాక్ట్ రాసేశానన్నావే, దాన్ని పంపకుండా ఆపు. సింగిల్ క్రిస్టల్ ఒకటి పెరిగి నిర్మాణం తేలేదాకా శీర్షికలో ‘కొత్త పాలిమార్ఫ్’ అన్న మాట పెట్టొద్దు. గడువు దాటితే దాటనీ, వచ్చే ఏడూ సదస్సు ఉంటుంది.

నీ అత్త