జాడ తెలియని మనిషి, నిద్రలేని ఇల్లు

2019 సెప్టెంబరు 15న పాపికొండల విహారానికి వెళ్లిన బోటు కచ్చులూరు వద్ద గోదావరిలో మునిగింది. అక్టోబరు 22న దాన్ని పైకి తీసినప్పుడు మరికొన్ని మృతదేహాలు దొరికాయి. కొందరి జాడ అప్పటికీ తెలియలేదు. ఆ ఇళ్లవారు దేనికని ఏడవాలి?

కొల్లేరు లంకల్లోనైనా, ఏలూరు, తాడేపల్లిగూడెం వీధుల్లోనైనా మనిషి కనబడకుండా పోయిన ఇంటి బాధ ఇదే. నిద్ర పట్టదు, అన్నం సహించదు, గేటు చప్పుడైతే గుండె దడ. తల్లి ‘వస్తాడు’ అంటుంది, తండ్రి ‘ఇక రాడు’ అంటాడు, ఇద్దరికీ మాటలుండవు. వియత్నాం యుద్ధంలో జాడ తెలియని సైనికుల కుటుంబాలను పరిశీలించిన అమెరికా నిపుణురాలు పౌలిన్ బాస్ దీనికి ‘అస్పష్టమైన నష్టం’ అని పేరు పెట్టారు. ఇది పిచ్చి కాదు, విశ్వాసలోపం అంతకన్నా కాదు. ఏమైందో తెలియకపోవడమే ఆ జబ్బుకు మూలం.

పరామర్శకు వెళ్లేవారికి మా మనవి: ‘మరచిపోండి’ అనవద్దు, ‘తప్పక వస్తాడు’ అనీ అనవద్దు. కూర వండి పట్టుకెళ్లండి, బి.పి., షుగరు మాత్రలు మానేశారేమో అడగండి. (తరచుగా మానేస్తారు.)

పోలీసులకు వెంటనే చెప్పండి. 24 గంటలు ఆగాలన్నది అపోహ. ఏడేళ్లు ఏ కబురూ లేకపోతే మరణించినట్లు కోర్టు భావించవచ్చు. 1872 నాటి ఈ నియమం 2024 జూలై 1 నుండి అమలైన కొత్త సాక్ష్య చట్టంలోనూ ఉంది. పొలం, బ్యాంకు కాగితాల కోసం కోర్టుకు వెళ్లిన భార్యను ‘ఆశ వదిలేసింది’ అని ఎవరూ అనకండి.